కారు ముందు ఉరికేటోడు

నర్సింహులపేట దగ్గర, మన ఊరు
12 డిసెంబరు 1947

అన్న దానియేలుకు,

నీ చెల్లె పెంటమ్మ రాస్తున్నది. ఉత్తరం రాస్తే ముందు అందరూ క్షేమమని రాయాలని బడిలో పంతులమ్మ నేర్పింది. ఈసారి ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. బడి తెలుగులోనే మొదలుపెట్టాను, కోపమొస్తే మన మాటే వస్తది, సర్దుకో.

దొరల గడిలో ఊడ్చే యాకమ్మ నిన్న ఒక సంగతి చెప్పింది. చిన్న దొర జగపతి హైదరాబాదులో కారు కొన్నాడట. రెండే సీట్లు, పైన కప్పు లేదు. దేశం విడిచిపోతున్న తెల్ల ఆఫీసరు ఎవరో చవకగా అమ్మేసి ఓడెక్కాడట. దాన్ని పందేనికి తయారు చేయించాలని జనగామకు పంపుతున్నారట. జనగామ స్టేషను పక్కన ఉన్నది ఒక్కటే షెడ్డు. అందులో మంచి చెయ్యి నీదే. "మీ అన్న చేతికే వస్తుందే పెంటా" అని యాకమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నాయిన పోయి ఏడాదిన్నర దాటింది. అప్పుడు నువ్వు సికింద్రాబాదులో మిలిటరీ లారీల కింద పని నేర్చుకుంటున్నావు. కళ్ళతో చూసింది నేను. ఎన్నిసార్లు చెప్పినా నీకు సరిగ్గా ఎక్కలేదేమో, ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను, దాచుకో.

గడి కారు ఎటు పోయినా ముందు వెట్టి మనిషి ఉరకాలి. చేతిలో కారు కోసం నీళ్ళ కుండ. నోట్లో "దొరొస్తుండు, తొలగుండ్రి" అనే కేక. ఊరికొక మనిషి మారాలి, అది తాతల నాటి పద్ధతి. ఆ రోజు మానుకోట నుంచి తిరిగి వస్తూ జగపతి ఏ ఊళ్ళోనూ కారు ఆపలేదు, మనిషిని మార్చలేదు. నడి వైశాఖం. నాయిన అంత దూరం ఒక్కడే ఉరికొచ్చి ఆకేరు వాగు ఇసుకలో కూలబడ్డాడు. నేను ఆ ఒడ్డునే గడ్డి కోస్తున్నాను. "నీళ్ళు దొరా" అన్నాడు నాయిన. నీళ్ళు ఆయన చేతి కుండలోనే ఉన్నాయి, కానీ అవి కారు నీళ్ళు. జగపతి దిగి, కుండ అందుకొని, పొగలు కక్కుతున్న కారులో పోశాడు. "మొదలు దీని దూప తీరాలె" అన్నాడు. ఖాళీ కుండ నాయిన పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఇసుకలో చేతులతో చెలిమె తోడాను. నీళ్ళు ఊరేసరికి నాయిన లేడు.

అన్నా, ఒక్క బోల్టు వదులు చెయ్. బ్రేకో, చక్రమో, నాకు తెలవదు, నీకు తెలుసు. వాడు బతికి మళ్ళ మన ఊళ్ళె అడుగు పెట్టొద్దు. ఇంతకంటె నేను నిన్ను ఈ జన్మల ఏమీ అడగ.

తండా మంగ్యా కట్టెలు అమ్మడానికి మానుకోట పోతున్నాడు. ఈ ఉత్తరం అక్కడి స్టేషను డబ్బాలో వేస్తాడు. మీ బావ యోహాను బాగున్నాడు. అవ్వ సంగతి నీకు తెలిసిందే, నాయిన పోయినప్పటి నుంచి ఒక్క పూటే తింటున్నది.

నీ చెల్లె
పెంటమ్మ


జనగామ
30 డిసెంబరు 1947

చెల్లె పెంటమ్మకు,

అన్న దీవెనలు. అవ్వకు నా దండాలు చెప్పు. క్రిస్మసు నాడు గుడిలో కొత్త గంట మోగించారు, ఒక చెవి ఇంకా హోరుమంటున్నది. ఇక్కడ చలి ఎక్కువ, తెల్లవారి పానా పట్టుకుంటే వేళ్ళు అంటుకుపోతున్నాయి.

నీ ఉత్తరం అందింది. ఇక షెడ్డు సంగతులు రాస్తాను.

చిన్న దొర గారి బండి వచ్చింది. చిన్నది, మన ఎడ్లబండి కంటే పొట్టి. జాగీర్దార్ల పెద్ద కార్ల పక్కన నిలబెడితే ఎవరూ లెక్కచేయరు. కానీ దీని గుణం వేరు. మెల్లగా నడిపితే గునుస్తుంది, దగ్గుతుంది. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగేదాకా దీనిలో బలం ఉందని కూడా తెలియదు. అది దాటిందా, వెనుక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్కసారి దూకుతుంది. దూకేముందు దీని గొంతు మారుతుంది. గురగుర పోయి కీచుమంటుంది. కీచు విన్నాక ఒకటి, రెండు అని లెక్కపెట్టు, అప్పుడు బలం చక్రాలకు అందుతుంది. ఇన్ని బండ్లు విప్పాను గానీ ఇట్లాంటి మొండిది చూడలేదు. దీని మీద నాకు మనసు పడ్డది, దాచను.

చిన్న దొర గారు స్వయంగా షెడ్డుకు వచ్చారు. "బలం తినే సామాను ఏదున్నా పీకెయ్. పందెం బాట మీద ఉరికితే చాలు నాకు" అన్నారు. హైదరాబాదు అవతల యుద్ధకాలంలో విమానాలు దిగిన సిమెంటు బాట ఉంది, పందెం దాని మీదే. ఆయన చెప్పినట్టే చేస్తాను.

నీ ఉత్తరాలు నేరుగా నా చేతికి వస్తున్నాయి. నావి నీ దగ్గరికి ఏ దారిన వస్తున్నాయో ఒకసారి ఆలోచించు.

ఇట్లు నీ అన్న
దానియేలు


మన ఊరు
17 జనవరి 1948

దానియేలు మేస్త్రీకి,

అన్నా అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకే మేస్త్రీ అన్నాను.

నేను నాయిన ఉసురు సంగతి రాస్తే నువ్వు ఇంజను గొంతు సంగతి రాస్తావా? కీచుమంటదట! మనసు పడ్డదట! నాయిన గొంతు ఆఖరికి ఎట్లున్నదో ఎప్పుడన్నా అడిగినవా నన్ను? "చిన్న దొర గారు", "అన్నారు", "వచ్చారు". ఎన్ని గార్లు పెట్టినవో లెక్కపెట్టిన, నాయినకు ఎన్నడూ ఒక్కటి పెట్టలే. నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించలేదు. పట్నం బండ్లు విప్పుతున్నడు, బాగున్నడు అని చెప్పి ఊరుకున్న.

నా దగ్గరికి ఏ దారిన వస్తున్నాయో ఆలోచించు అంటున్నావు. దూరం ఎక్కువని సాకు చెప్పుతున్నట్టుంది. తపాల ఎంత దూరమైనా వస్తది, నీ మనసే వస్తలేదు.

ఇక్కడి సంగతి విను. పక్క ఊళ్ళో సంగపోళ్ళు వచ్చి, ఎర్రజెండా ఎత్తి, వెట్టి బంద్ అని చాటారు. అక్కడి దొర పెట్టె బేడా సర్దుకొని పట్నం పోయాడు. మీ బావ కూడా మీటింగుకు పోయొచ్చాడు. వచ్చి తలకు రుమాలు కట్టుకొని గడి ముందర నుంచే నడిచి పోయాడు, తల వంచలేదు. భయం లేనోడు మా ఇంట్ల ఒకడన్న ఉన్నడు. జగపతి ఆయన్ను గుర్తుపెట్టుకున్నాడని యాకమ్మ చెప్పింది.

ఇంకా సమయం ఉంది. ఒక్క బోల్టు.

పెంటమ్మ


జనగామ
10 ఫిబ్రవరి 1948

చెల్లె పెంటమ్మకు,

నీ తిట్లు చేరాయి. బాగానే తిట్టావు, అవ్వ పోలిక ఎక్కడికి పోతుంది.

బండి పని దాదాపు అయిపోయింది. ఏమేం చేశానో రాస్తాను, ఓపికగా చదువు. ఒకటి: ముందర తిరిగే ఫ్యాను పీకేశాను. ఫ్యాను తిరగాలంటే ఇంజను బలం ఖర్చవుతుంది. పందెం బాట మీద బండి ఉరుకుతుంటే ఎదురు గాలే లోపలి నీళ్ళను చల్లబరుస్తుంది, కనుక ఫ్యాను దండగ. ఇంజను వెనుక బరువైన ఇనుప చక్రం ఉంటుంది, దాన్ని లేతు మిషనులో చెక్కి సగం తేలిక చేశాను. దాంతో చుట్లు తొందరగా ఎక్కుతాయి. గేర్ల పళ్ళు కూడా మార్చాను, మొదటి గేరులోనే గుర్రం దౌడంత వేగం. టైర్లు సన్నవి, రాయిలాగ గాలి కొట్టినవి. మెల్లగా నడవడం అనేది ఇక దీనికి రాదు. ఆగితే ఆగాలి, ఉరికితే ఉరకాలి.

ఒక్క బోల్టు వదులు లేదు. ప్రతిదీ నా చేత్తో రెండుసార్లు బిగించాను. బ్రేకులు కొత్తవి వేశాను. షెడ్డు నడిపే ఉస్తాదు చూసి, "బేటా, జీవితంలో ఇంత నికార్సైన పని చేయలే నువ్వు" అన్నాడు. అది నిజం.

చెల్లె, ఆ కోపం జర పక్కన పెట్టి నా ఉత్తరాలు మళ్ళీ ఒకసారి చదువు. మన ఊరి బాటలు ఎట్లుంటాయో, కారు ముందు ఏం జరుగుతుందో మనసులో పెట్టుకొని చదువు.

నీ అన్న
దానియేలు


మన ఊరు
3 మార్చి 1948

దానియేలూ,

చదివిన. మూడుసార్లు చదివిన. రెండుసార్లు బిగించిన చేతులు విరిగిపోను.

నిన్న గడి ముందు పెండ ఎత్తుతుంటే జగపతి అరుగు మీద కూచొని పట్వారితో నవ్వుతున్నాడు. "ఒక్క బోల్టు వదులు లేదట. రెండుసార్లు బిగించిండట. ఉస్తాదే మెచ్చుకున్నడట. మాల ఓదెలు కొడుకు పనోడయ్యిండు" అన్నాడు. నా చెవులతో విన్నాను. ఆ మాటలు నాకు రాసిన ఉత్తరంలో ఉన్నాయి, అక్షరం పొల్లుపోకుండా. ఆయన నోట్లెకు ఎట్ల వచ్చినయి? నాకు రాసినట్టే ఆయనకు కూడా రాస్తున్నావన్నమాట. చెల్లెకు ఒకటి, దొరకు ఒకటి. ఛీ! నాకు వచ్చిన కాగితం అంచున తమలపాకు సున్నం మరక కూడా ఉన్నది. వక్కాకు వేసుకుంటూ తీరిగ్గా రాసినవు కావచ్చు.

నాయిన చచ్చిన్నాడు నేను చెలిమె తోడిన చేతులతోనే రాస్తున్న. నాకు అన్న లేడు. జవాబు రాయకు. రాసినా పొయ్యిలో పెడుత.

పెంటమ్మ, ఓదెలు బిడ్డ


కాటారం
25 మార్చి 1948

పెంటమ్మకు,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. మూడు వారాల నుంచి కాటారం అడవిలో ఉన్నాను. కలప లారీ ఇరుసు విరిగి భూపాలపల్లి బాటలో పడి ఉంటే ఉస్తాదు నన్ను పంపాడు. నీ ఉత్తరం జనగామలో నా కోసం చూసి చూసి నిన్ననే ఇక్కడికి చేరింది. అందుకే ఆలస్యం. వచ్చే వారం జనగామకు తిరిగి పోతాను. తప్పు చేసి దాక్కున్నాననుకుంటావేమో, కాదు.

నేను ఇటు రాకముందే పందెం అయిపోయింది. మన చిన్న బండి మూడోదిగా వచ్చింది. జాగీర్దార్ల పెద్ద కార్లు నాలుగు దాని వెనుకే మిగిలాయి. చిన్న దొర గారు సంతోషించారు. బండిని అట్లాగే ఊరికి తెస్తారట. ఫ్యాను, పాత గేర్లు మళ్ళీ బిగించమంటారా అని అడిగాను. "వద్దు. ఊరోళ్ళు ఆ చప్పుడు వినాలె" అన్నారు. ఊరి బాటలకు అవసరం పడతాయి అని రెండోసారి కూడా అడిగాను. "వెట్టోని కొడుకువు, నాకు చెప్తవా" అన్నారు. నా వంతు నేను అడిగాను, అది గుర్తుంచుకో.

నువ్వు రాసిన ప్రతి మాట నాకు తగిలింది. ఇంతకంటే ఈ తపాలలో రాయలేను.

దానియేలు


మన ఊరు
9 ఏప్రిల్ 1948, శుక్రవారం

అన్నా,

అన్న లేడన్న నోటితోనే పిలుస్తున్న. మంగ్యాను రైలెక్కించి నీ దగ్గరికే పంపుతున్న. నువ్వు జవాబిచ్చేదాకా షెడ్డు ముందే కూచుంటాడు.

మన ఊళ్ళో కూడా జెండా ఎత్తారు. పెద్ద దొర కుటుంబంతో సహా మొన్ననే పెద్ద కారులో పట్నం పోయాడు. జగపతి ఒక్కడే మిగిలాడు. సోమవారం పొద్దున ఆయన కూడా మానుకోట మీదుగా పోతాడట. పోయేటోడు సప్పుడు కాకుండ పోవచ్చు కదా! "నా కారు ముందర మనిషి ఉరకకుంట నేను ఊరు దాటుతనా? దొంగనా నేను?" అని తుపాకి తొడ మీద పెట్టుకొని అరిచాడు. ముందు ఉరకాల్సింది ఎవరో తెలుసా? మీ బావ యోహాను. గడి ముందర తల వంచకుండా నడిచినందుకు. ఉరకకపోతే మానుకోట పోలీసు క్యాంపు నుంచి లారీలు తెచ్చి వాడ కాలబెడతానన్నాడు. సంగపోళ్ళు అడవిలో ఉన్నారు, సోమవారానికి వస్తారో రారో.

మీ బావ "ఉరుకుత, వాడకు నిప్పు పెట్టనియ్య" అంటున్నడు. నాయిన ఉరికిన బాట అదే, ఆ ఎండ అదే. ఇప్పుడు కారు ఇంకా వేగంది. నువ్వే చేసినవు దాన్ని అట్ల! నా మొగుని ఎనుక ఉరికే కారును నువ్వే బిగించినవు!

బిగించింది ఎట్ల విప్పాలో రాయి. యాకమ్మ కారు కడగను పోతది. ఏ బోల్టో చెప్పు, నేనే పోయి విప్పుత.

పెంటమ్మ


జనగామ
10 ఏప్రిల్ 1948

చెల్లె పెంటమ్మా,

ఏమీ విప్పకు. యాకమ్మను ఆ కారు దగ్గరికి పోనియ్యకు. ముందు కూచొని ఇది మొత్తం చదువు. మంగ్యా చేతి నుంచి నీ చేతికే వస్తుంది కాబట్టి మొదటిసారి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మన ఊరి తపాల సంచి గడిలో విప్పుతారు చెల్లె. పట్వారి చదివి, మళ్ళీ అంటించి పంపుతాడు. ఆ సున్నం మరక ఆయనదే. నేను వక్కాకు వేయనని నీకు తెలియదా? నేను దొరకు ఒక్క ముక్క రాయలేదు. నీకు రాసిందే వాళ్ళు చదివి మురిశారు. వాళ్ళు మురవాలనే ఆ గార్లు పెట్టాను. నువ్వు పట్టుకుంటావనుకున్నాను. పట్టుకోలేదు, తప్పు నీది కాదు.

నువ్వు బోల్టు వదులు చేయమన్నావు. ఒక్కటి ఆలోచించినవా? ఆ కారు ముందు ఎప్పుడూ మనోడే ఉరుకుతాడు. బ్రేకు తెగితే మొదట చచ్చేది దొర కాదు, ముందర ఉరికేటోడు. సోమవారం నాడు అది మన బావ. నువ్వు అడిగిన పని నేను చేసి ఉంటే ఈరోజు ఏమని ఏడ్చేదానివి?

నాయినకు దూప తీర్చనోన్ని ఒక్క లిప్తలో చంపితే నాకు చాలదు. వాడు ఆగాలె. ఆ ఆకేట్లోనే ఆగాలె, నీళ్ళు అడగాలె. రెండేండ్ల నుంచి నేను తినేది ఇదే, పండేది ఇదే. వాడు కారు తెచ్చి నా ముందు పెట్టి, బలం తినేది పీకెయ్ అన్నప్పుడు నవ్వు ఆపుకోలేక బండి కిందికి దూరాను. వాడు అడిగినట్టే చేశాను, ఒక్క అబద్ధం లేదు. పందెం బాట మీద అది బాణం. కానీ మనిషి వెనుక మెల్లగా నడిస్తే గాలి తగలదు, ఫ్యాను లేదు, కోసు దూరం దాటక ముందే నీళ్ళు మసులుతాయి. గేరు పొడుగు, చక్రం తేలిక, మెల్లగా నడపబోతే ఊరికూరికే ఆగిపోతుంది. ఇసుకలో ఆ టైర్లు సూదుల్లాగ దిగుతాయి. వెనుక నుంచి తోసేటోళ్ళు లేకపోతే అది మళ్ళీ కదలదు. తోసేటోళ్ళు ఎవరు? మనమే. బావ పేరు వస్తుందని మాత్రం నేను అనుకోలేదు.

ఇప్పుడు బావకు నా మాటగా చెప్పు. ఉరకొద్దు, నడవాలి. కాలు నొప్పి అనాలి, ఎండ అనాలి, నడుస్తూనే ఉండాలి. ఆ బాట ఆకేరు దాకా రెండు వైపులా గట్లే, కారు పక్కనుంచి దాటిపోలేదు. జగపతి కోపంతో తొక్కుతాడు. అప్పుడు చెవి వెనుకే ఉండాలి. గురగుర అన్నంతసేపు భయం లేదు. కీచుమనంగనే గట్టు మీదికి దుంకాలి. ఒకటి, రెండు. అంతే సమయం. నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను.

నీళ్ళ కుండ బావ చేతిలో వద్దు. ఏదో సాకు చెప్పి నువ్వు పట్టుకొని ముందే ఆకేరుకు పోయి కూచో.

బావకు ఏమన్నా అయితే నన్ను క్షమించకు.

నీ అన్న
దానియేలు


మన ఊరు
15 ఏప్రిల్ 1948

మా అన్న దానియేలుకు,

అందరం క్షేమం. ఈసారి పంతులమ్మ నేర్పినట్టే మొదలుపెట్టాను, చూడు. మీ బావ మోకాలు చెక్కుకుపోయింది, అంతే. ఇదిగో పక్కనే కూచొని "నా సంగతి మంచిగ రాయే" అంటున్నాడు.

సోమవారం పొద్దెక్కినాక గడి తలుపులు తీశారు. బావ ముందు నిలబడ్డాడు. కుండ ఏదని జగపతి అడిగితే "పెంటమ్మ ఆకేరు కాడ పట్టుకొని కూసున్నది దొరా, అక్కడ అవసరం పడ్తది" అన్నాడట. నేను ఒడ్డున ఉన్నాను కదా, మిగతాది మంగ్యా గట్టు వెంట వస్తూ చూసి చెప్పిన సంగతి. బావ పెండ్లి ఊరేగింపులో నడిచినట్టు నడిచాడు. వెనుక కారు దగ్గడం, ఆగడం, మళ్ళీ మోగడం. "ఉరుకుర లంజకొడకా" అని వాడు అరుస్తాడు, "కాలు నొస్తున్నది దొరా" అని ఈయన నడుస్తాడు. కారు మూతి నుంచి అన్నం గంజి పొంగినట్టు పొగలు వచ్చాయి. గట్ల మీద జనం చేరారు. ఒక్కరూ నవ్వలేదట, చూస్తున్నారు.

ఆకేరు దిగుడు కాడ నాకు కనపడ్డారు. అప్పుడు విన్న అన్నా ఆ కీచు. నువ్వు రాసిన కీచు. "యోహానూ" అని మొత్తుకున్న. ఈయన అప్పటికే గట్టు మీదికి దుంకిండు. ఒకటి, రెండు. కారు ఈయన నిలబడిన జాగా మీదుగా లేచి, ఇసుకలో ముక్కు గుచ్చి, వెనుక చక్రాలు సగానికి దిగి ఆగిపోయింది. తుపాకి ఎగిరి అవతల పడ్డది. మంగ్యా దాని మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

జగపతి దిగి "తోయుండ్రి" అన్నాడు. నలభై మంది ఉన్నాం. ఎవరూ కదలలేదు. "తోయుండ్రిరా" అని ఒకరిద్దరిని పట్టి గుంజాడు, తిట్టాడు, ఆఖరికి "అయ్యా" అన్నాడు. తానే వెనుకకు పోయి తోశాడు, ముఖం మీద ఇసుక పడ్డది. ఎండకు నోరు ఆరింది. ఆయన కండ్లు నా కుండ మీద పడ్డయి.

"నీళ్ళియ్యి" అన్నడు. అదే జాగ అన్నా. నాయిన పడ్డ జాగకు పది అడుగులు ఉంటది.

నేను లేచిన. కుండ పట్టుకొని ఆయన దాకా పోయిన. ఆయన దోసిలి పట్టిండు. నేను పక్క నుంచి పోయి, కారు మూత కొంగుతో తిప్పి, కుండెడు నీళ్ళు దాంట్ల పోసిన. "మొదలు దీని దూప తీరాలె దొరా" అన్న. లోపల టప్పుమని పెద్ద చప్పుడైంది. కింది నుంచి నీళ్ళన్నీ ఇసుకలోకి కారిపోయాయి. బావ చూసి, కాలిన ఇనుముకు చన్నీళ్ళు తగిలి ఇంజను పలిగిందన్నాడు. నువ్వు మనసు పడ్డదని రాసినవు, అది నాకు ఆ టప్పు వినంగనే గుర్తొచ్చింది. తప్పైతే తిట్టు, పడుత.

ఖాళీ కుండ ఆయన పక్కన పెట్టిన. ఆయన మోకాళ్ళ మీద కూచొని చేతులతో చెలిమె తోడుకున్నడు. ఊరేదాకా చూసి, బురద నీళ్ళే తాగిండు. ఎవరూ కొట్టలేదు. లేచి మానుకోట దిక్కు ఒక్కడే నడిచిపోయిండు. ఆయన ముందు ఎవరూ ఉరకలేదు.

నాకు కడుపు చల్లబడ్డదా అంటే, పూర్తిగా చల్లబడలేదు, నీకెందుకు అబద్ధం. నేను నిన్ను అన్న మాటలు వెనుకకు తీసుకుంటున్నాను. చేతులు విరిగిపోను అన్నది మొదలు తీసుకుంటున్నాను.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పిన. ఆమె రెండే మాటలు అడిగింది.

"నీళ్ళు అడిగిండా?"

"అడిగిండు."

"పోసినవా?"

"కారుకు పోసిన."

అవ్వ పొద్దుమూకినాక తానే లేచి గిన్నె తెచ్చుకొని, రెండో పూట అన్నం పెట్టమన్నది.

నీ చెల్లె
పెంటమ్మ